కొత్తగా రికార్డులు వినాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు: వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వాళ్ల కోసం

తాత రికార్డులు అటక మీద దొరికాయని, ఏ ప్లేయర్ కొనాలని, ఆన్ చేయగానే బొయ్యిమని మోత వస్తోందని, ఎండాకాలం వీటిని ఎక్కడ దాచాలని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. సందేహాలు మాత్రం ఎప్పుడూ అవే. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాను. మీ సందేహం ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు. ఒక్క విషయంలో మాత్రం నాది గట్టి పట్టుదల. మన ఇళ్లలో మిగిలిన తెలుగు రికార్డుల్లో చాలావాటిని మళ్లీ ఎవరూ ప్రెస్ చేయలేదు. అవి అరిగితే ఇంకొకటి తెచ్చుకోలేం. కాబట్టి ఏ జవాబిచ్చినా ముందు రికార్డు క్షేమం చూస్తాను, తర్వాతే మిగతావి.

## కొనకముందు

ఫోన్‌ల అన్ని పాటలు వస్తుంటే ఇంకా ఈ రికార్డులెందుకు?

శబ్దం స్వచ్ఛంగా ఉండడమే కావాలంటే సీడీనే మెరుగు. రికార్డులో కొంచెం చిటపట ఎప్పుడూ ఉంటుంది. అయినా వినడానికి నాకు రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, పద్య నాటకాలు, హరికథలు, బుర్రకథలు, లలిత గీతాల్లో కొన్ని రికార్డుల మీదే మిగిలాయి. నెట్‌లో ఉన్నా ఎవరో నాసిరకంగా ఎక్కించిన కాపీలే దొరుకుతాయి. రెండోది, ఒక వైపు పెడితే ఇరవై నిమిషాలు పాట దాటించకుండా కూర్చుని వింటాం. ఈ రెండింటిలో ఏదీ మిమ్మల్ని లాగకపోతే డబ్బు పెట్టకండి.

ఎల్పీ, ఈపీ, 78 అంటారు కదా, వీటికి తేడా ఏంటి?

ఎల్పీ 12 అంగుళాల వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) రికార్డు. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, ఒక్కో వైపు ఇరవై నిమిషాల దాకా పాడుతుంది. అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లో దీన్ని తెచ్చింది. మరుసటి ఏడాది ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ నిమిషానికి 45 చుట్లు తిరిగే 7 అంగుళాల రికార్డు తెచ్చింది. మన సినిమా పాటలు ఎక్కువగా ఈ చిన్న సైజులోనే, వైపుకు రెండు పాటల చొప్పున ఈపీలుగా వచ్చాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే 78లు వీటికంటే పాతవి. లక్కతో చేసినవి కాబట్టి బరువుగా ఉంటాయి, కింద పడితే పగులుతాయి, వైపుకు మూడు నిమిషాలే పాడతాయి.

సైజు చూసి వేగం ఊహించకండి. ఇక్కడ 7 అంగుళాల్లో 33⅓వి, 12 అంగుళాల్లో 45వి కూడా వచ్చాయి. లేబుల్ మీద రాసిన అంకె చూడండి. గాయకుడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా వినిపిస్తే వేగం మీట తప్పుగా ఉన్నట్టే.

మొత్తం కలిపి ఎంత ఖర్చు అవుతుంది?

ప్లేయర్ (టర్న్‌టేబుల్ అన్నా అదే), దాని సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీయాంప్, స్పీకర్లు, శుభ్రం చేసుకునే సామాను: ఈ నాలుగింటికీ లెక్క వేసుకోవాలి. పేరున్న కంపెనీ ప్రాథమిక టర్న్‌టేబుల్ ఇరవై వేలకు అటూ ఇటూగా వస్తుంది. వాటిలో చాలావరకు ప్రీయాంప్ లోపలే ఉంటుంది. ఇంట్లో ఆక్స్ ఇన్‌పుట్ ఉన్న స్పీకర్లు ఉంటే అక్కడ ఖర్చు లేదు. విదేశాల నుంచి వచ్చే కొత్త ఎల్పీ ఒక్కటే రెండు మూడు వేలు దాటుతుంది. పాత తెలుగు ఈపీలు వందల్లో దొరుకుతాయి. ధరలు మారుతుంటాయి కాబట్టి వీటిని ఒక అందాజుగా తీసుకోండి. బడ్జెట్ బిగువుగా ఉంటే స్పీకర్ల మీద తగ్గించుకోండి, ప్లేయర్ మీద వద్దు.

వరంగల్‌ల దీని గురించి తెలిసినోళ్లు ఉంటరా?

ఉంటారు. పాత రేడియో, టేప్‌రికార్డర్ మెకానిక్‌లను, ఒకప్పుడు పెండ్లిళ్లకు మైక్ సెట్ నడిపిన పెద్దవాళ్లను అడగండి. మోటారు, బెల్టు, వైరింగ్ విషయాల్లో వాళ్ల చేతికి తిరుగులేదు. సూది బరువు, కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని దాని కదలికను సిగ్నల్‌గా మార్చే చిన్న తల) అమరిక మాత్రం మీరే నేర్చుకోవాలి. సూదిని మోసే చెయ్యి (టోన్‌ఆర్మ్) ఆ రోజుల మైక్ సెట్లలో ఇప్పటంత తేలికగా ఉండేది కాదు.

## ప్లేయర్ ఎంచుకోవడం

ఆన్‌లైన్‌లో చవకగా అందంగా కనిపించే సూట్‌కేస్ ప్లేయర్ తీసుకోవచ్చా?

ఇంట్లో పాత రికార్డులు ఉన్నవాళ్లకు నా జవాబు, వద్దు. ఈ ప్లేయర్లలో ఎక్కువగా సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. అది రికార్డు మీద మోపే బరువు సాధారణంగా నాలుగైదు గ్రాములకు పైనే. మంచి టర్న్‌టేబుల్‌లో ఇది రెండు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. పైగా బరువు తగ్గించుకునే ఏర్పాటు ఉండదు. స్పీకర్లు అదే పెట్టెలో ఉంటాయి కాబట్టి ఆ అదురు సూదిని కుదిపేస్తుంది, పాట ఎగురుతుంది. గాడి గోడల్లో అతి సన్నని వంపులుగా చెక్కి ఉండే హెచ్చు స్వరాలు ముందు అరుగుతాయి. సకారాలు, తాళాల మోత, వయొలిన్ పై స్థాయి పోతాయి. ఒకసారి పోయినవి ఎంత మంచి ప్లేయర్ మీద పెట్టినా తిరిగి రావు.

మరి మొదటి ప్లేయర్‌గా ఏది కొనాలి?

ఏమీ సర్దుకోవాల్సిన పని లేకుండా కావాలంటే ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ లాంటిది చాలు. బటన్ నొక్కితే చెయ్యి దానంతట అదే వెళ్లి వాలుతుంది, అయిపోగానే తిరిగి వస్తుంది. బరువు ఫ్యాక్టరీలోనే సెట్ చేసి ఉంటుంది, ప్రీయాంప్ లోపలే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు కూడా వాడుకుంటారంటే ఇదే నయం. కార్ట్రిడ్జ్ మార్చుకోవాలి, బరువు నా చేతుల్లో ఉండాలి, 78లు కూడా వినాలి అనుకుంటే అదే కంపెనీ ఎల్‌పీ120ఎక్స్ చూడండి. దానికి మూడు వేగాలు ఉన్నాయి.

బెల్ట్ డ్రైవా, డైరెక్ట్ డ్రైవా?

మొదటిసారి కొనేవాళ్లు దీని గురించి తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. బెల్ట్ ఉన్నదానిలో కొన్నేళ్లకు రబ్బరు సాగుతుంది, మార్చుకోవాలి. డైరెక్ట్ డ్రైవ్‌లో మోటారే రికార్డు పళ్లాన్ని నేరుగా తిప్పుతుంది కాబట్టి ఆ పని లేదు, పళ్లెం వెంటనే వేగం అందుకుంటుంది. డీజేల చేతుల్లో పేరు తెచ్చుకున్న టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200, 1972లో వచ్చిన డైరెక్ట్ డ్రైవే.

ఫోనో ప్రీయాంప్ అంటే ఏంటి? అది లేకుంటే నడవదా?

నడుస్తుంది గానీ వినలేరు. ఎక్కువగా వాడే మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులే. ఆక్స్‌కు కావాల్సింది దానికి దాదాపు వంద రెట్లు. అదొక్కటే కాదు. రికార్డు చెక్కేటప్పుడు మంద్ర స్వరాలను కావాలనే తగ్గిస్తారు. లేకపోతే గాడి వెడల్పుగా ఊగి పక్క గాడిలోకి పోతుంది. హెచ్చు స్వరాలను పెంచి చెక్కుతారు, వినేటప్పుడు వాటిని తగ్గిస్తే వాటితోపాటు బుసబుస కూడా తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గుల కొలత 1954లో ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) పేరుతో స్థిరపడింది. ప్రీయాంప్ సిగ్నల్‌ను పెంచి, ఈ లెక్కను తిరగేసి, పాటను అసలు రూపానికి తెస్తుంది. అది లేకుండా నేరుగా కలిపితే ఘంటసాల గొంతు కూడా దోమ రొదలా వినిపిస్తుంది.

ప్లేయర్ వెనుక ఫోనో, లైన్ అని చిన్న స్విచ్ ఉంటుంది. స్పీకర్లకు నేరుగా కలిపితే లైన్‌లో పెట్టండి. ఫోనో ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్‌కు కలిపితే ఫోనోలో పెట్టండి. రెండు ప్రీయాంప్‌లు ఒకదాని వెనుక ఒకటి పడితే శబ్దం పగిలిపోతుంది.

ఇంట్ల ఉన్న హోమ్ థియేటర్‌కో సౌండ్‌బార్‌కో కలపొచ్చా?

ఆక్స్ లేదా ఎరుపు, తెలుపు రంధ్రాలు ఉంటే కలపొచ్చు. బ్లూటూత్ ఉన్న టర్న్‌టేబుల్ అయితే వైర్ కూడా అక్కర్లేదు. బ్లూటూత్‌లో పాడితే రికార్డు విన్నట్టు కాదనేవాళ్లు ఉన్నారు. మొదలుపెట్టే రోజుల్లో ఆ మాట పట్టించుకోకండి.

మా అన్న అమెరికా నుంచి టర్న్‌టేబుల్ తెస్త అంటున్నడు. ఇక్కడ నడుస్తదా?

తెచ్చే ముందు దాని వెనుక అతికించిన చీటీ ఫొటో పంపమనండి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని రాసిన అడాప్టర్‌తో నడిచేదైతే ఏ ఇబ్బందీ లేదు, ప్లగ్ మార్చుకుంటే చాలు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే జాగ్రత్త. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజ్ తగ్గుతుంది గానీ హెర్ట్జ్ మారదు. పాత రకం ఏసీ సింక్రనస్ మోటారు వేగం ఆ హెర్ట్జ్ మీదే ఆధారపడుతుంది. అలాంటిది ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. అంటే 33⅓ బదులు దాదాపు 28. పాటంతా ఈడ్చినట్టు వస్తుంది.

అమ్మమ్మ వాళ్లింట్లో పాత హెచ్‌ఎంవీ ఫియెస్టా ఉంది. బాగు చేయించి వాడొచ్చా?

బాగు చేయించండి, ఇంటి గుర్తుగా దాచుకోదగ్గ వస్తువు. మోటారులో గ్రీజు ఎండి ఉంటుంది, రబ్బరు భాగాలు గట్టిపడి ఉంటాయి, యాంప్లిఫయర్‌లో కెపాసిటర్లు పోయి ఉంటాయి. పాత రేడియో మెకానిక్ చేయగలిగిన పనులే ఇవన్నీ. సూది మాత్రం ఏ స్థితిలో ఉన్నా ముందు మార్చేయండి. దశాబ్దాల నాటి అరిగిన సూది గాడిలో ఉలిలా పని చేస్తుంది. కొత్త సూది వేసినా ఆ చెయ్యి బరువు ఎక్కువే. అందుకే మీకు విలువైన రికార్డులను దాని మీద పెట్టకండి. పోయినా బాధ లేనివి ఓ నాలుగు దానికి కేటాయించండి.

## రికార్డులు వెతకడం

తెలుగు రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

ముందు చుట్టాలిళ్లలో అడగండి. మా వైపు ఇళ్లలో సినిమా ఈపీల పక్కనే హిందీ ఎల్పీలు, ఉర్దూ గజళ్లు, ఖవాలీలు కలిసి ఉంటాయి, వాటినీ వదలకండి. తర్వాత పాత మైక్ సెట్ వాళ్లు, పాత సామాన్ల దుకాణాలు. హైదరాబాద్ వెళ్లగలిగితే ఎర్రగడ్డలో ఆదివారం సంత, పాతబస్తీ వైపు గురువారం జరిగే జుమేరాత్ బజార్ ఉన్నాయి. కాజీపేటలో పొద్దున బండెక్కితే తిరిగి చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వెంకటేశ్వర సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత ఎల్పీలు చాలా ఇళ్లలోకి చేరాయి. అరుదైనవని ఎవరైనా పెద్ద ధర చెబితే తొందరపడకండి, ఇంకొకచోట తగులుతాయి. పద్యాలు, హరికథలు, చిన్న సినిమాల ఈపీలు కనిపిస్తే మాత్రం వదలొద్దు.

పాత రికార్డు కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని ఏం చూడాలి?

అంచును రెండు అరచేతుల మధ్య పట్టుకోండి, వేళ్లు గాడి మీద పడకూడదు. ఎండలోకో ఫోన్ టార్చ్ కిందికో తెచ్చి మెల్లగా వంచి చూడండి. కొత్త రికార్డు నల్లగా తళతళలాడుతుంది. బాగా ఆడించినది బూడిద రంగుకు తిరుగుతుంది, ముఖ్యంగా పాట ఉరుముగా ఉన్న చోట. వెంట్రుకవాసి గీతలు పైపైవే అయితే పెద్దగా వినిపించవు. గీత మీద గోరు మెల్లగా పోనిచ్చినప్పుడు తగిలితే ఆ గీత ప్రతి చుట్టుకీ టక్ మంటుంది.

తర్వాత లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ చూడండి. పళ్లెం మధ్యలో నిలబడి ఉండే పుల్ల కోసం తడుముకుంటూ రికార్డు పెట్టిన ప్రతిసారీ అక్కడ సన్నని గీతలు పడతాయి. అవి గజిబిజిగా ఉంటే రికార్డు వందలసార్లు తిరిగిందని అర్థం. కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని వంకర ఉందేమో చూడండి. చివరగా కవరులో ఉన్నది ఆ కవరుదేనా అని లేబుల్ చదవండి. కుక్క బొమ్మ లేబుల్ చూసి మురిసిపోయి లోపల వేరే పాటలు తెచ్చుకున్నవాళ్లు చాలామంది. పెండ్లి మైక్ సెట్లలో ఆడిన రికార్డులు పైకి శుభ్రంగా ఉన్నా గాడి అరిగి ఉంటుంది, వీలైతే వినిపించమని అడగండి.

ఆన్‌లైన్‌లో వీజీ, వీజీ ప్లస్ అని రాస్తారు. నమ్మొచ్చా?

అవి స్థితిని చెప్పే గుర్తులు. మింట్, నియర్ మింట్, తర్వాత వీజీ ప్లస్, వీజీ, గుడ్ అని కిందికి దిగుతాయి. పేరులో వెరీ గుడ్ ఉన్నా వీజీ రికార్డు అంటే చిటపట బాగా వినిపించేదే. ఒట్టి గుడ్ అంటే వేరే కాపీ దొరకనప్పుడే కొనదగినది. డబ్బు పంపే ముందు రెండు వైపులా వెలుతురులో తీసిన ఫొటోలు అడగండి. రికార్డును కవరు బయట పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య కట్టి పంపమనండి. లోపలే పెడితే దారిలో కవరు అంచు చినుగుతుంది.

కొత్త ఎల్పీలు మంచివా, పాతవి మంచివా?

కొత్తవాటిలో గీతలుండవు, గొడవ తక్కువ. చాలావరకు డిజిటల్ కాపీ నుంచి చెక్కినవే, అందులో తప్పేమీ లేదు. అయితే పాత తెలుగు పాటల కోసం వెతికేవాళ్లకు పాత రికార్డు తప్ప దారి లేదు.

## ఇంట్లో బిగించుకోవడం

టర్న్‌టేబుల్ ఎక్కడ పెడితే మంచిది?

అదరని చోట, మట్టంగా. సూది చదివేది వెంట్రుకకంటే సన్నని కదలికలను, కాబట్టి నేల అదురూ దానికి పాటే. కాజీపేట జంక్షన్ పట్టాల పక్కన, పెద్ద లారీలు తిరిగే రోడ్డు మీద ఇల్లు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. మన దగ్గర దీనికి చవకైన మందు ఉంది. కరీంనగర్ గ్రానైట్ కోసే చోట మిగిలిపోయిన ముక్క ఒకటి, టర్న్‌టేబుల్ కంటే నాలుగు వేళ్లు పెద్దగా తెచ్చుకోండి. అంచులు నున్న చేయించి, కింద నాలుగు మూలలా మెత్తటి రబ్బరు బిళ్లలు వేసి, గట్టి బల్ల మీద పెట్టండి. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి పళ్లెం మీద రెండు దిక్కులా చూసుకోండి.

స్పీకర్లను అదే బల్ల మీద పెట్టకండి. మోత సూదిలోకి తిరిగి వచ్చి, సౌండ్ పెంచగానే గూంయ్ మని ఊళ పెడుతుంది.

సూది బరువు ఎట్ల సెట్ చేయాలె?

వెనుక తిప్పే బరువు ఉన్న ప్లేయర్లకే ఇది. ముందు యాంటీ స్కేటింగ్‌ను (చెయ్యి లోపలి వైపు లాగబడకుండా ఆపే ఏర్పాటు) సున్నాలో పెట్టండి. సూది మీది తొడుగు తీసి, చెయ్యిని రికార్డు లేని చోట వదిలి, వెనుక బరువును కొద్దికొద్దిగా తిప్పండి. ముందుకు వాలకుండా, పైకి లేవకుండా చెయ్యి గాలిలో తేలినట్టు అడ్డంగా నిలవాలి. అప్పుడు చెయ్యిని స్టాండులో పెట్టి, బరువు కదలకుండా దాని ముందున్న అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తిప్పండి. ఇక బరువూ చక్రమూ కలిపి, కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన అంకె దాకా తిప్పండి. ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు, ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కి 1.8 గ్రాములు. యాంటీ స్కేటింగ్‌ను కూడా అదే అంకెలో పెట్టండి.

బరువు తగ్గిస్తే రికార్డుకు మంచిదని కొందరు ఒక గ్రాములో పెడతారు. అది పొరపాటు. తేలికైన సూది గాడిలో కుదురుగా ఉండక గోడలకు కొట్టుకుంటుంది, సరైన బరువుకంటే ఎక్కువ నష్టం చేస్తుంది. చిన్న డిజిటల్ స్టైలస్ తక్కెడ ఆన్‌లైన్‌లో తక్కువకే వస్తుంది. చక్రం మీది అంకెను నమ్మేకంటే అది కొనుక్కోవడం మేలు.

వేగం సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పళ్లెం అంచున చిన్న కాగితం ముక్క అతికించి, పాట పెట్టి, ఫోన్‌లో టైమర్ చూస్తూ లెక్కపెట్టండి. 33⅓ వేగంలో మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు తిరగాలి. 45లో నిమిషానికి 45. ఒకటి రెండు చుట్లు తేడా వచ్చిందంటే బెల్టునో, వేగం సర్దే స్క్రూనో చూసుకోవాలి. స్ట్రోబ్ గీతల కాగితం (బల్బు వెలుగులో వేగం సరిగ్గా ఉంటే గీతలు నిలిచినట్టు కనిపించేది) వాడేవాళ్లు 50 హెర్ట్జ్ వైపు చూడాలి, అక్కడ 33⅓కి 180 గీతలుంటాయి. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద గీతలు నిలిచినట్టు కనిపించవు.

ఆన్ చేయగానే బొయ్యిమని మోత వస్తోంది. ఎందుకు?

టర్న్‌టేబుల్ నుంచి సన్నని విడి వైర్ ఒకటి వేలాడుతోందేమో చూడండి. అది గ్రౌండ్ వైర్. దాన్ని ప్రీయాంప్ లేదా యాంప్లిఫయర్ వెనుక స్క్రూకి బిగించాలి. బిగించినా మోత ఉంటే ఇంటి ఎర్తింగ్ పరీక్ష చేయించండి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా ఎర్త్ వైర్ ఎక్కడికీ పోయి ఉండదు. ఫోన్ చార్జర్లు, వైఫై పెట్టె, ఇన్వర్టర్‌లను కూడా సూదికి దూరంగా జరపండి.

## వినేటప్పుడు వచ్చే ఇబ్బందులు

పాట ఒకే ముక్క దగ్గర తిరుగుతోంది. సూది మీద రూపాయి బిళ్ల పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

పెట్టకండి. రూపాయి బిళ్ల మూడు గ్రాములకు పైనే ఉంటుంది, సూది బరువు ఒక్కసారిగా రెట్టింపు దాటుతుంది. ఆ చోట గాడిలో మట్టి గట్టిపడి ఉండొచ్చు, ముందు కడగండి. టర్న్‌టేబుల్ మట్టంగా ఉందా, బరువు చెప్పినంతే ఉందా చూడండి. అయినా తిరుగుతుంటే ఆ చోట గాడి గోడ తెగింది, అక్కడ సూదిని చేత్తో దాటించడమే మార్గం.

మొదటి పాట బాగుంటది, చివరి పాట గరగరమంటది. రికార్డు పాడైందా?

పాడవకపోయినా అలా రావచ్చు. రికార్డు ఒకే వేగంతో తిరుగుతున్నా, బయటి అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు కదులుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 20 చిల్లరకు పడిపోతుంది. అంతే పాట తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది కాబట్టి సకారాలు చీలుతాయి. కార్ట్రిడ్జ్‌ను ప్రొట్రాక్టర్ కాగితంతో (కోణం చూసుకునే గీతల కాగితం) సరిగ్గా అమర్చితే చాలా తగ్గుతుంది. గుండ్రని మొన సూది బదులు ఎలిప్టికల్ (కోలగా ఉన్న మొన) సూది వేస్తే ఇంకా తగ్గుతుంది.

పాత మోనో రికార్డులు స్టీరియో సూదితో వినొచ్చా?

నిశ్చింతగా వినొచ్చు. యాంప్లిఫయర్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి, చిటపట కొంత తగ్గుతుంది.

సూది ఎప్పుడు మార్చాలి?

వజ్రపు మొనే అయినా కొన్ని వందల గంటలకు అరుగుతుంది. రోజుకో ఎల్పీ వినేవాళ్లు రెండేళ్లకోసారి మార్చుకుంటే ధీమాగా ఉండొచ్చు. పాతది కొన్న ప్లేయర్‌లో సూది ఎన్ని గంటలు నడిచిందో అమ్మినవాళ్లు ఏం చెప్పినా లెక్కలోకి తీసుకోవద్దు, కొత్తది వేయండి. సూదికి పట్టిన దుమ్మును చిన్న బ్రష్‌తో వెనుక నుంచి ముందుకే తుడవాలి. పక్కలకు తుడిస్తే సన్నని కడ్డీ విరుగుతుంది.

## దుమ్ము, ఎండ, వాన

అటక మీద నుంచి దింపిన రికార్డులు ఎట్ల కడగాలె?

నీళ్లతోనే, అయితే బోరు నీళ్లు వద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ, ఎండాక తెల్లటి పొర గాడిలో మిగులుతుంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ డబ్బా దొరుకుతుంది. అక్కడే యాసిడ్ కూడా అమ్ముతారు, చీటీ చదివి తెచ్చుకోండి. లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు చాలు.

శుభ్రమైన టవల్ పరిచి దాని మీద రికార్డు పెట్టండి. ముందు పొడి దుమ్మును మెత్తటి బ్రష్‌తో తీసేయాలి, లేకపోతే తడిసి బురదై గీతలు పెడుతుంది. మైక్రోఫైబర్ గుడ్డను ఆ నీళ్లలో ముంచి, గాడి తిరిగిన దిక్కులోనే వలయంగా తుడవండి. లేబుల్ తడవనివ్వకండి, పాత కాగితం వెంటనే రంగు వదులుతుంది. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. పూర్తిగా ఆరాకే సూది పెట్టాలి. కొబ్బరినూనె, కిరోసిన్ రాస్తే మెరుస్తుందని చెప్పేవాళ్ల మాట వినకండి. మెరుపు రెండు రోజులే, ఆ జిడ్డుకు పట్టిన దుమ్ము మాత్రం వదలదు.

గోదావరిఖని, భూపాలపల్లి లాంటి బొగ్గు గనుల ఊళ్లలో, గ్రానైట్ క్వారీల పక్కన ఉన్నవాళ్లు విన్న ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్ వాడండి. టర్న్‌టేబుల్ మూత ఎప్పుడూ మూసే ఉంచండి.

మే నెలల మా దగ్గర 45 డిగ్రీలు. రికార్డులు వంగవా?

నీడలో నిటారుగా నిలబెడితే ఆ వేడికి వంగవు. వినైల్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, అయితే మీద బరువు ఉంటే అంతకంటే తక్కువ వేడికే రూపు మారుతుంది. అందుకే ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. స్లాబు కింది అటక, రేకుల గది, మధ్యాహ్నం తర్వాత కాలే పడమటి గోడ: ఈ మూడు చోట్లా పెట్టకండి. ఇంట్లో కింది అంతస్తు, లోపలి గది, తూర్పు లేదా ఉత్తరం గోడ చూసుకోండి. రామగుండం, ఆదిలాబాద్ ఎండలో ఆగి ఉన్న కారు లోపల వేడి 60 దాటడానికి ఎంతోసేపు పట్టదు. రికార్డులు కొని భోజనానికి ఆగితే సంచిని మీతోపాటే హోటల్లోకి తీసుకెళ్లండి.

వానకాలం కవర్లకు బూజు పడుతోంది, చెదలు కూడా. ఏం చేయాలి?

ఇనుప బీరువా మంచిది, చెక్క అల్మారాకు చెదల బెడద. గోడకు ఆనించకుండా బెత్తెడు ఖాళీ వదలండి. కింది అరలో సిలికా జెల్ పొట్లాలు వేసి, తడి పీల్చుకున్నాక మార్చండి. బూజు కవరును పొడి గుడ్డతో ఆరుబయట తుడవండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రికార్డును నేరుగా తాకే పాత పీవీసీ ప్లాస్టిక్ కవర్లు తీసేయండి. ఏళ్ల తరబడి వేడికి అవి వినైల్ మీద మసక పొర వదులుతాయి. లోపల పాలిథిన్ పొర ఉన్న కాగితపు కవర్లు వాడండి.

వంగిపోయిన రికార్డును ఎండలో అద్దాల మధ్య పెట్టి సరిచేయొచ్చా?

ఎండ ఎంత వేడి ఇస్తుందో మన చేతిలో ఉండదు, గాడే కరగొచ్చు. కొద్దిపాటి వంకర ఉన్నా సూది పైకీ కిందికీ ఊగుతూ పాడుతుంది, అలాగే వినండి.

## 78లు, గ్రామఫోన్

మా తాత గ్రామఫోన్ కీ ఇస్తే తిరుగుతోంది. దాని మీద ఎల్పీ పెట్టొచ్చా?

ఒక్కసారి కూడా పెట్టకండి. ఆ తల బరువు, ఇనుప సూది కలిసి వినైల్ గాడిని ఒక్క వినికిడితోనే చెక్కేస్తాయి. గ్రామఫోన్ 78ల కోసమే. దానిలో కూడా ఇనుప సూదిని ఒక వైపు వినగానే తీసి కొత్తది వేయాలి. లక్క రికార్డు గట్టిది కాబట్టి సూదే అరిగి మొన మారుతుంది. ఆ మొన మారిన సూదితో రెండో పాట పెడితే అప్పుడు రికార్డు అరుగుతుంది.

78లను ఇప్పటి టర్న్‌టేబుల్ మీద వినాలంటే?

మూడు కావాలి: 78 వేగం, 78 కోసం చేసిన సూది, కడగడంలో జాగ్రత్త. ఎల్పీ సూది మొన 78 గాడి అడుగున జారుతూ అక్కడి మట్టినే చదువుతుంది. 78 సూది మొన దాదాపు నాలుగు రెట్లు వెడల్పు. వీఎం95 రకం కార్ట్రిడ్జ్‌కు అలాంటి సూది విడిగా దొరుకుతుంది, లాగి మార్చుకుంటే చాలు. 78లకు స్పిరిట్ ఉన్న ఏ ద్రవమూ తగలనివ్వకండి, లక్క అందులో కరిగిపోతుంది. ఎడిసన్ కంపెనీ రికార్డులు వేరే జాతి, అవి మీకు దొరికితే అడిగి తెలుసుకుని ముట్టుకోండి.

ఇత్తడి బూర గ్రామఫోన్ ఆన్‌లైన్‌లో పాతదని అమ్ముతున్నారు. నిజమా?

చాలావరకు కాదు. పాత మోటారుకు కొత్త పెట్టె, మెరిసే కొత్త ఇత్తడి బూర, కుక్క బొమ్మ బిళ్ల తగిలించి షోకేసుల కోసం చేసినవి. చూడ్డానికి కొనుక్కుంటే మీ ఇష్టం. ఇంట్లో మిగిలిన 78లను వాటి మీద వినకండి.

ఈ పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చా?

ఎక్కించుకోండి, ముఖ్యంగా ఎక్కడా దొరకని వాటిని. యూఎస్‌బీ ఉన్న టర్న్‌టేబుల్, ఉచితంగా వచ్చే ఆడాసిటీ చాలు. ముందు కడిగి, కొత్త సూదితో, 24 బిట్‌లో రికార్డు చేసి, ఏ మార్పూ చేయని ఫైల్‌ను ఒకటి అలాగే దాచండి. చిటపట తీసేసిన కాపీ వేరేగా చేసుకోండి. ఎక్కువ తీస్తే గొంతులో గాలి కూడా పోతుంది. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాట రాసినవాళ్ల, స్వరం కట్టినవాళ్ల హక్కులు వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటాయి. అందుకే నెట్‌లో పెట్టే ముందు రెండు లెక్కలూ చూసుకోండి.

ఫైల్ పేరులో పాట పేరుతోపాటు లేబుల్ మీది రికార్డు నంబరు, సూది ఆగే చోట వినైల్ మీద చెక్కి ఉండే సన్నని నంబరు కూడా రాయండి. లేబుల్ చినిగిన ఇంకో కాపీ ఎవరికైనా దొరికినప్పుడు అది ఏ రికార్డో ఆ నంబరుతోనే పోల్చుకోగలుగుతారు.